యంత్రాన్ని వదిలేసిన స్వరకర్త అనే కథ

ఫిన్లాండ్ స్వరకర్త కైయా సారియాహో గురించి ఈమధ్య ఒక పరిచయ వ్యాసం చదివాను. రాసినవారికి ఆమె సంగీతం మీద నిజమైన అభిమానం ఉంది, వివరాలూ చాలావరకు సరిగానే ఉన్నాయి; కాని ఆ వ్యాసం ఆమె జీవితాన్ని సరిగ్గా నడిమికి కోసి రెండు ముక్కలు చేసింది. మొదటి ముక్కలో పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన కేంద్రంలో కంప్యూటర్ల ముందు కూర్చుని ప్రయోగాలు చేసుకున్న యువతి ఉంది. రెండో ముక్కలో, ఆ ప్రయోగాలు పక్కన పెట్టి, ఆర్కెస్ట్రా వైపూ ఒపెరా వైపూ మళ్లి, నలుగురూ మెచ్చే సంగీతం రాసిన పెద్దావిడ ఉన్నారు. 2023 జూన్ 2న ఆమె పారిస్‌లో కన్నుమూసిన తర్వాత నేను చదివిన నివాళుల్లో కొన్నింటిలోనూ ఇదే వరస కనిపించింది.

ఈ కథ ఇంత తేలిగ్గా నోళ్లలో నానడానికి కారణం లేకపోలేదు. యంత్రానికి ప్రాణం లేదని, వాద్యానికి ఉందని మనలో చాలామందికి లోలోపల ఒక నమ్మకం. ఎలక్ట్రానిక్ సంగీతం చేసినవారు చివరికి వయొలిన్ దగ్గరికి చేరారంటే ఆ నమ్మకం నెగ్గినట్టు అనిపిస్తుంది. సారియాహో విషయంలో ఈ కథ తప్పు అన్నది నా వాదన. ఆమె యంత్రాన్ని వదిలేయలేదు. అంతకంటే ముఖ్యంగా, యంత్రం దగ్గర ఆమె నేర్చుకున్నది యంత్రానికి సంబంధించిన విద్య కాదు. అది వినే విద్య. కరెంటు తీగ ఒక్కటీ లేని కృతుల్లో కూడా ఆమె చేతికి అంది వచ్చింది ఆ విద్యే.

తేదీలు చూసినా సగం కథ అక్కడే కూలిపోతుంది. 2000లో సాల్జ్‌బర్గ్‌లో ప్రదర్శించిన తొలి ఒపెరా ‘లామూర్ ద లువాన్’లో ఆర్కెస్ట్రాతో పాటు ఎలక్ట్రానిక్ ధ్వనులున్నాయి. 2006 నాటి ‘లా పాసియోం ద సిమోన్’లో తత్త్వవేత్త సిమోన్ వెయిల్ మాటలు రికార్డు చేసిన గొంతుగా వినిపిస్తాయి. 2010లో లియోన్‌లో వచ్చిన ‘ఎమిలీ’లో గాయని గొంతును యంత్రం మారుస్తూ ఉంటుంది. 2012 నాటి ‘సర్కిల్ మ్యాప్’లో పారశీక భాషలో చదివిన రూమీ కవితల రికార్డింగు ఆర్కెస్ట్రాతో కలిసి నడుస్తుంది. 2016లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన ‘ఓన్లీ ద సౌండ్ రిమెయిన్స్’ ఒపెరాలోనూ ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి. వదిలేసినవారు ఇన్నిసార్లు తిరిగి రారు. అయితే తేదీల లెక్కతో గెలిచే వాదన మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. మిగిలిన సగమే ఎక్కువ ఆసక్తికరం.

పదిహేను నిమిషాల ఒకే కదలిక

సారియాహో 1952లో హెల్సింకీలో పుట్టారు. ఇంట్లో సంగీత విద్వాంసులెవరూ లేరు. చిన్నప్పుడు రాత్రిళ్లు తలగడలోంచి సంగీతం వినిపిస్తోందని, దాన్ని ఆపేయమని తల్లిని అడిగేదాన్నని ఆమె తర్వాత ఇంటర్వ్యూలలో చెప్పుకున్నారు. ఈ ముచ్చటను చాలామంది ఎత్తి రాస్తారు, అందులో తప్పేమీ లేదు. నాకు మాత్రం అందులో ‘ఆపేయమని’ అడగడమే ఆసక్తిగా తోస్తుంది: సంగీతం మీట నొక్కితే ఆగే వస్తువు అని, అది తన లోపల కాక బయట ఎక్కడో ఉందని ఆ పిల్ల అనుకుంది. తలలో పుట్టిన దాన్ని బయట పెట్టి పరీక్షగా వినే పని ఆమె జీవితమంతా చేశారు.

హెల్సింకీలోని సిబేలియస్ అకాడమీలో పావో హైనినెన్ వద్దా, ఆ తర్వాత జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో బ్రయన్ ఫెర్నీహో, క్లౌస్ హూబర్‌ల వద్దా చదువుకుని, 1982లో ఆమె పారిస్ చేరారు. ఇర్కామ్‌ను ఫ్రెంచి స్వరకర్త పియెర్ బూలే స్థాపించి అప్పటికి ఎంతో కాలం కాలేదు. అక్కడ ఆమె చేతికి వచ్చిన సాధనాల్లో ‘షాన్’ అనే ప్రోగ్రాం ఒకటి. మనిషి పాడే గొంతును కంప్యూటర్‌లో తయారు చేయడానికి రూపొందించినది. దానితో ఆమె ‘వెర్ ల బ్లాన్’ అనే టేపు కృతి, అంటే టేపు మీద రికార్డు చేసి వినిపించే కృతి, చేశారు. జరిగేది చాలా తక్కువ. మూడు కృత్రిమ గొంతులు ఒక మూడు స్వరాల మేళవింపు మీద మొదలై, పదిహేను నిమిషాల పాటు జారుతూ జారుతూ మరో మూడు స్వరాల మేళవింపును చేరతాయి. ఆ జారుడు ఎంత నిదానమంటే ఏ క్షణంలోనూ కదలిక చెవికి పట్టుబడదు. కూర్చున్నవాళ్లం కూర్చున్నచోటే ఉంటాం, గది మాత్రం మారిపోయి ఉంటుంది.

దీన్ని పదేపదే విని ఆనందించే కృతి అని నేను అనను. అది ప్రయోగం; ప్రయోగంగానే దాని విలువ. ఏ గాయకుడి ఊపిరీ పదిహేను నిమిషాలు నిలవదు, ఏ గొంతూ అంత సన్నటి అంతరాన్ని అంతసేపు అదుపులో పెట్టలేదు. అందువల్ల ఈ అనుభవం యంత్రం లేకుండా ఎవరికీ దొరికేది కాదు. స్వరాలు మారుతున్నట్టు తెలియనంత నెమ్మదిగా మారుతుంటే, శ్రోత చెవి స్వరాన్ని వదిలి దేన్ని పట్టుకుంటుంది? నాదగుణాన్ని పట్టుకుంటుంది: గొంతు మందమా, పలుచనా, మెరుపు ఎంత, గరుకు ఎంత అన్నదాన్ని. రాగమూ తాళమూ మోసే బరువును నాదగుణం ఒక్కటే మోయగలదా అన్న ప్రశ్నకు ఆమె అక్కడ ‘మోయగలదు’ అన్న జవాబు తెచ్చుకున్నారు. ఆ జవాబు ఆమె తర్వాతి కృతులన్నింటికీ పునాది.

కమాను మీద బరువు

1987లో ప్రచురితమైన ఒక వ్యాసంలో ఆమె ఈ ఆలోచనను స్పష్టంగా పెట్టారు. పాశ్చాత్య సంగీతం శతాబ్దాలుగా పొందికైన స్వరమేళనానికీ పొందిక లేని స్వరమేళనానికీ మధ్య నడిచే ఉద్రిక్తత మీద ఆధారపడింది. ఆమె ఆ స్థానంలో నాదానికీ రొదకూ మధ్య ఒక గీత గీశారు. ఒక కొసన గంట మోగినట్టు, గొంతు విప్పి పాడినట్టు నిండైన నాదం. మరో కొసన ఊపిరి బుసలాంటి, గరగరలాంటి రొద. స్వరకర్త పని ఆ రెండు కొసల మధ్య శ్రోతను నడిపించడం. రొద ఎక్కువైతే బిగువు పెరుగుతుంది, నాదం తేటపడితే సడలుతుంది.

చదివితే ఇది సిద్ధాంతంలా ఉంటుంది. సెల్లో (వయొలిన్ కుటుంబంలోని పెద్ద వాద్యం) దగ్గర కూర్చుని చూస్తే సిద్ధాంతం కనబడదు. కమానును వేలిపలక మీదికి తెచ్చి తేలిగ్గా లాగితే తీగ నుంచి మెత్తటి, దాదాపు వేణువు లాంటి శబ్దం వస్తుంది. అదే స్వరం పట్టుకుని, కమానును అంగుళం అంగుళంగా తీగలను మోసే వంతెన వైపు జరిపితే పై హార్మోనిక్స్ (స్వరంలో దాగి ఉండే పైస్థాయి ఉపస్వరాలు) ఒక్కొక్కటే బయటపడి నాదం గాజుపెంకులా మారుతుంది. అక్కడ కమాను మీద బరువు పెంచుతూ పోతే ఒక దశలో స్వరమే విరిగిపోయి, చెక్క మీద రంపం లాగినట్టు గరగర మిగులుతుంది. వేళ్లు కదలలేదు, స్వరం మారలేదు. అయినా ఒక ప్రయాణం జరిగింది. సారియాహో తన స్వరపత్రాల్లో ఈ ప్రయాణాన్ని బాణపు గుర్తులతో రాస్తారు: ఇక్కడి నుంచి అక్కడికి, ఇంతసేపట్లో, ఆగకుండా.

1986 నాటి ‘లిష్ట్‌బోగెన్’కు ఆమె ఉత్తరాది ఆకాశంలో చూసిన ధ్రువకాంతులు ప్రేరణ అని అందరూ రాస్తారు, అది నిజమే. ఆ కృతిలోని స్వరమేళనాలకు ముడిసరుకు మాత్రం కంప్యూటర్ నుంచి వచ్చింది: సెల్లో మీద ఒక హార్మోనిక్‌ను కమానుతో వాయించి, బరువు పెంచుతూ అది రొదగా చెదిరిపోయేదాకా రికార్డు చేసి, ఆ చెదరడంలో ఏయే స్వరాలు పుట్టి పోతున్నాయో యంత్రంతో విశ్లేషించి, వాటినే తొమ్మిది మంది వాద్యకారులకు పంచారు. కంప్యూటర్ ఇక్కడ సంగీతం వాయించలేదు. చెవికి అందని లోపలి నిర్మాణాన్ని చూపించింది, అంతే. ఆ పని అయ్యాక అది తెర వెనక్కి వెళ్లినా, అది చూపించినదాన్ని చూసినవారు మరిచిపోరు.

ఈ సంగతి నాకు బాగా పట్టిచ్చిన సంఘటన ఒకటుంది. ఆమె 1988లో సెల్లో కోసం రాసిన ‘పెటల్స్’ను ఒక మిత్రుడికి వినిపించాను. ఈ కృతిని ఎలక్ట్రానిక్స్‌తోనైనా, అవి లేకుండానైనా వాయించుకోవచ్చని స్వరకర్తే వీలు కల్పించారు. నేను వినిపించింది ఉత్త సెల్లో రూపం. ఆరంభంలో రెండు స్వరాలు రెక్కలాడించినట్టు కంపిస్తూ, క్రమంగా గరుకెక్కి, మళ్లీ తేటపడతాయి. కాసేపు విని ఆయన, “ఇక్కడ యంత్రం కలుస్తోంది కదా, ఏ మెషిన్ ఇది?” అన్నారు. యంత్రమేదీ లేదని చెబితే నమ్మకం కుదరక మళ్లీ ఒకసారి వేయించుకున్నారు. మొత్తం అయిపోయాక, ఎలక్ట్రానిక్స్ కలిపిన రూపాన్ని వినిపిస్తే, “ఇదే మామూలుగా ఉందే” అన్నారు. ప్రతిధ్వని కలిసేసరికి ఆ గరగర అంచులు మెత్తబడి, ఆయన చెవికి అది పెద్ద హాల్లో వాయించిన సెల్లోలా తోచింది. ఏది వాద్యం, ఏది యంత్రం అని పుస్తకంలో గీత గీయడం సులువు. చెవిలో ఆ గీత ఇంత వంకరగా ఉంటుంది.

ఇది ఆమె ఒక్కరికే దక్కిన అనుభవం కాదని, ఆమె కంటే ముందు హంగేరీ మూలాల స్వరకర్త లిగెతి ఉన్నాడని ఎవరైనా గుర్తు చేయవచ్చు. ఆయన 1950ల చివర్లో కొలోన్ రేడియో ఎలక్ట్రానిక్ స్టూడియోలో పనిచేసి, 1961లో ‘అట్మాస్ఫేర్స్’ రాశాడు. పెద్ద ఆర్కెస్ట్రా ఒక్కటే ఉన్న ఆ కృతి స్టూడియో చెవి లేనిదే పుట్టేది కాదు. నిజం. కాని ఈ ఉదాహరణ నా వాదనకే సాయం వస్తుంది. స్టూడియోలో నేర్చుకుని, తలుపు వేసి బయటికి వచ్చేసిన స్వరకర్త అనే వర్ణన లిగెతికి అతుకుతుంది. సారియాహోకు ఆ చొక్కా సరిపోదు. ఆమె నలభై ఏళ్లు ఆ తలుపు తెరిచే ఉంచారు, అవసరమైనప్పుడల్లా లోపలికి వెళ్లి వచ్చారు.

మరి పాట సంగతి?

నా వాదనకు గట్టి అడ్డం మరొకటి ఉంది. 1990ల మధ్య నుంచి ఆమె సంగీతం మారిందన్నది ఎవరూ కాదనలేరు. 1980ల కృతుల్లో శ్రోత నోట నిలిచే వరస దాదాపు ఉండదు. 1994లో వయొలిన్ విద్వాంసుడు గిడోన్ క్రేమర్ కోసం రాసిన ‘గ్రాల్ తెయాత్ర్’ వయొలిన్ కన్చెర్టోలో (ఒక ప్రధాన వాద్యానికీ ఆర్కెస్ట్రాకూ రాసే కృతి) ఒక గీతం ఎగసి పడుతూ నడుస్తుంది. 1996లో అమెరికా గాయని డాన్ అప్‌షా గొంతు కోసం రాసిన కృతుల్లో అది పూర్తిగా పాటైపోయింది. ఒపెరా రాయడం సాధ్యమేనని ఆమెకు తోచడానికి ఒక ముఖ్య కారణం, 1992లో సాల్జ్‌బర్గ్‌లో పీటర్ సెల్లర్స్ దర్శకత్వంలో చూసిన ఫ్రెంచి స్వరకర్త మెస్సియాన్ ఒపెరా. అందులో దేవదూతగా పాడినది ఈ అప్‌షాయే. సారియాహోకు రెండో గురువు యంత్రం కాదు, మనిషి గొంతు అని ఎవరైనా అంటే నేను ఏమనాలి?

ఆ మాటలో బలం ఉందని ఒప్పుకుంటాను. ఒక గాయని ఊపిరి ఎంతసేపు నిలుస్తుంది, ఒక మాట ఎక్కడ ఆగితే అర్థం నిలుస్తుంది అన్న సంగతులు ఏ ప్రోగ్రామూ నేర్పలేదు. అయితే ఆమె ఇర్కామ్‌లో మొదట పట్టుకున్న ప్రోగ్రాం ఏమిటో గుర్తు చేసుకోవాలి. అది పాడే గొంతుకు నమూనా. అచ్చులు ఎలా మారతాయి, కంపనం ఎక్కడ మొదలవుతుంది, నిండు గొంతుకూ గుసగుసకూ తేడా ఏమిటి అన్నవి ఆమె ముందు అంకెలుగా చూశారు. నింపాదిగా చూస్తే ఆ గొంతు ఎక్కడికీ పోలేదు. 1987లో క్రోనోస్ క్వార్టెట్ కోసం రాసిన ‘నింఫెయా’లో నలుగురు తీగవాద్యకారులు వాయిస్తూనే ఆర్సెనీ తార్కోవ్‌స్కీ కవిత పంక్తులు గుసగుసగా పలుకుతారు. 1992 నాటి ‘నోవానోవా’లో ఫ్లూటు వాయించేవారు ఊదుతూనే మాటలు పలకాలి. వినేటప్పుడు ఊపిరి ఎక్కడ మాట అయిందో, మాట ఎక్కడ స్వరమైందో పట్టుకోవడం కష్టం. ఇవి పాటలు కావు, కాని పాటకు ముందు మెట్లు.

1996లో వచ్చిన ‘లోన్’ ఈ రెండు దారులూ కలిసే చోటు. సోప్రానో (స్త్రీల పైస్థాయి) గొంతు ఒకటి, ఎలక్ట్రానిక్స్, పన్నెండో శతాబ్దపు కవి గాయకుడు జోఫ్రే రుదెల్ మాటలు. నాలుగేళ్ల తర్వాత అమిన్ మలూఫ్ లిబ్రెటోతో (ఒపెరాకు రాసిన మాటలతో) వచ్చిన ‘లామూర్ ద లువాన్’లో ఆ రుదెలే కథానాయకుడు. ఎన్నడూ చూడని ట్రిపోలీ కౌంటెస్‌ను (ప్రభువంశపు స్త్రీని) ప్రేమించి, సముద్రం దాటి వెళ్లి, చేరేసరికి కొన ఊపిరితో ఉన్న కవి కథ అది. ఒపెరాకు బీజం ఎలక్ట్రానిక్ కృతిలో పడిందంటే, మలుపు తిరిగిన రోడ్డు అనే వర్ణన ఇక్కడ నిలవదు. రోడ్డు ఒకటే, దాని మీద పాట వచ్చి చేరింది.

ఈ ఒపెరా 2016 డిసెంబరులో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో ఆడినప్పుడు, అక్కడ ఒక మహిళ రాసిన ఒపెరా 1903లో ఎథెల్ స్మిత్ తర్వాత మళ్లీ ఇప్పుడే వచ్చిందన్న విషయం పతాక శీర్షికైంది. నూటపదమూడు ఏళ్ల ఎడం సిగ్గుపడాల్సిన సంగతే, రాయడం న్యాయమే. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆడపిల్లకు కంపోజిషన్ నేర్పడం దండగ అన్నట్టు మాట్లాడిన బోధకులు తనకు తగిలారని ఆమె చెప్పుకున్నారు కాబట్టి, ఆ శీర్షిక వెనుక ఎంత ఉందో ఆమెకు తెలుసు. కాని ఆ వార్తల్లో వేదిక ముందు వాద్యకారులు కూర్చునే ఆర్కెస్ట్రా గుంట నుంచి వచ్చిన శబ్దం ఎలా ఉందో రాయడానికి చోటు చాలా తక్కువే మిగిలిందని నాకు అనిపించింది.

ప్లగ్గు పీకితే

ఇక నాకే ఉన్న అనుమానాలు రెండు.

ఒకటి: ఈ చెవికి ఒక జబ్బు కూడా ఉంది. నాదగుణాన్ని అంత సన్నగా వినగలిగిన స్వరకర్త కొన్నిచోట్ల ఆ మెరుపుతోనే సరిపెట్టుకుంటారు. హార్పు, సెలెస్టా (చిరుగంటల్లా మోగే మీటల వాద్యం), చిన్న తాళాలు, పైస్థాయిలో తీగల కంపనం. అందంగా ఉంటుంది, కాని మూడో కృతి వినేసరికి ఈ అందం ఇంతకుముందు విన్నదే కదా అనిపిస్తుంది. ఆమె సంగీతం కదలదని ఫిర్యాదు చేసేవారితో నేను పూర్తిగా పోట్లాడలేను. ఆ ఫిర్యాదుకు దిమ్మతిరిగే జవాబు ఆమె చివరి ఒపెరా ‘ఇన్నోసెన్స్’. 2021లో ఎక్స్ అన్ ప్రొవాన్స్ ఉత్సవంలో వచ్చిన ఈ ఒపెరాలో ఒక పెళ్లి విందు, పదేళ్ల కిందట బడిలో జరిగిన కాల్పులు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. సోఫీ ఒక్సానెన్ రాసిన కథలో పాత్రలు తొమ్మిది భాషల్లో మాట్లాడతాయి. కొందరు పాడతారు, కొందరు మాటలే పలుకుతారు, చనిపోయిన అమ్మాయి పాత్రలో విల్మా యా జానపదుల పిలుపు బాణీలో గొంతెత్తుతుంది. నాదం నుంచి రొద దాకా ఆమె గీసిన గీత ఇక్కడ మనుషుల మధ్య గీతగా మారింది: ఎవరు పాడగలరు, ఎవరికి పాట పోయింది. ఈ ఒపెరాను నేను ఆమె పని అంతటిలోనూ ముందు వరసలో పెడతాను. ఆ అందాల అలవాటు ఇందులో దాదాపు లేదు.

రెండో అనుమానం ఆచరణకు సంబంధించినది. కాగితం మీది స్వరపత్రం నూరేళ్లకైనా ఎవరో ఒకరు చదివి వాయిస్తారు. ఎలక్ట్రానిక్స్ సంగతి అలా కాదు. 1980లలో వాడిన పెట్టెలు పాతబడ్డాయి, ప్రోగ్రాములు కొత్త కంప్యూటర్ల మీద నడవవు. వాటిని ఎప్పటికప్పుడు కొత్త సాధనాల్లోకి మార్చే మనిషి ఉండాలి. సారియాహో విషయంలో ఆమె భర్త, స్వరకర్త జాన్ బాతిస్త్ బారియెర్ ఆ పనిలో పెద్ద తోడు. అలాంటి మనిషి లేని స్వరకర్తల గతి ఏమిటి? ఈ భయం వల్లే చాలామంది ఎలక్ట్రానిక్స్ నుంచి తప్పుకుంటారు, తప్పుకోవడంలో తప్పూ లేదు.

కాని ఈమె ఆ చిక్కును ఎలా దాటారో చూడండి. ‘నోవానోవా’లో వాద్యకారుడి కాలి కింద ఒక పెడల్ ఉంటుంది, స్వరపత్రంలో గుర్తు వచ్చినచోట నొక్కితే తర్వాతి ధ్వని మొదలవుతుంది. తాళం వాద్యకారుడి చేతుల్లోనే ఉంది, యంత్రం వెంట పరుగెత్తాల్సిన పని లేదు. ‘పెటల్స్’లో యంత్రం చేసేది ప్రతిధ్వని చేర్చడం, స్వరాన్ని కాస్త పక్కకు జరిపి జోడించడం, ఏ కాలపు సాధనంతోనైనా మళ్లీ చేసుకోదగిన పనులు. ఆమె కృతుల్లో ఎక్కువగా కనిపించే ఎలక్ట్రానిక్ పని అన్నింటికన్నా సాదాది: మైకు. ఫ్లూటు రంధ్రం మీద మీట పడే టక్కు, ఊపిరి బుస, కమాను వెంట్రుకలు తీగను తాకే చప్పుడు హాల్లో చివరి వరసకు చేరాలంటే మైకు కావాలి. అది ఉంటేనే రొద కూడా స్వరంతో సమానంగా వినిపిస్తుంది. ఇంత పొదుపుగా వాడినవారిని యంత్రం మోజులో పడి తేరుకున్నవారిగా చూపడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కొత్తగా వినదలచినవారు ఆమె కృతులను కాలక్రమంలో వినవద్దనే నా సలహా. ఆ క్రమమే ముందు యంత్రం, తర్వాత వాద్యం అన్న కథను చెవిలో నాటుతుంది. ఎలక్ట్రానిక్స్ ఏమాత్రం లేని ‘గ్రాల్ తెయాత్ర్’తో మొదలుపెట్టి, వయొలిన్ గరుకెక్కే చోట్లు గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి ‘నింఫెయా’కు వెళ్లండి. తర్వాత ‘లోన్’, ఆపైన ‘ఇన్నోసెన్స్’. ఏది ఏ సంవత్సరానిదో చివర్లో చూసుకోవచ్చు.